తప్పు, దిద్దుబాటు, కారణం: తెలుగువారి ఆంగ్ల ప్రయోగాలపై ఒక పరిశీలన

హైదరాబాదు ఐటీ కారిడార్‌కు చేరువలోని ప్రగతి నగర్, కూకట్‌పల్లి ప్రాంతాలలో ఉద్యోగ ప్రయత్నం చేసే ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఆంగ్ల వ్యాకరణం కేవలం పాఠ్యాంశం కాదు, ఇంటర్వ్యూలో దాటవలసిన గడప. ఈ అవసరమే స్పోకెన్ ఇంగ్లీష్ శిక్షకులకు, సాధారణ దోషాల పుస్తకాలకు ఆదరణ కల్పించింది. ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు చూపడం ఈ పుస్తకాల ప్రధాన పద్ధతి. కారణం అడిగితే, 'తెలుగులో ఆలోచించడం వల్ల' అనే సమాధానం తరచుగా వినిపిస్తుంది. అది ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది.

కొన్ని ప్రయోగాలలో తెలుగు ప్రభావం స్పష్టమే. 'మీరు వస్తారు కదా', 'వాళ్ళు వెళ్ళారు కదా' అన్న వాక్యాలలో కర్త, కాలం మారినా 'కదా' మారదు. ఆంగ్లంలో ఆ స్థానంలోని ప్రశ్నాంశం క్రియను, కర్తను అనుసరించి మారుతుంది. అందువల్ల 'యూ విల్ కమ్, ఇజంటిట్?' వంటి వాక్యాలు పుడతాయి. 'అక్కడే' అన్నప్పటి అవధారణార్థక ఏకారం 'దేర్ ఓన్లీ'గా పరిణమిస్తుంది.

'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' విషయం వేరు. తెలుగులో 'నాకు ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు' అంటారే గాని, ఆ అర్థంలో 'ఉంటున్నారు' అనరు. కనుక ఈ దోషాన్ని తెలుగుకు అంటగట్టడం తగదు. తరగతిలో అభ్యసించిన 'ఇంగ్' రూపాన్ని స్థితివాచక క్రియలకు కూడా విస్తరించడం దీనికి కారణమనడం సమంజసం. అభ్యాసకుని దోషాలు అతని అంతర్గత భాషావ్యవస్థకు సాక్ష్యాలని ఎస్. పిట్ కార్డర్ 1967లోనే ప్రతిపాదించారు. ఆ దృష్టి దోషాల పట్టికలలో కొరవడింది.

ఇటువంటి ప్రయోగాలు భారతీయ ఆంగ్లానికి సహజ లక్షణాలనే వాదమూ ఉంది. బ్రజ్ కచ్రూ వంటి భాషావేత్తలు భారతీయ ఆంగ్లాన్ని ఒక ప్రత్యేక భేదంగా నిరూపించారు. శాస్త్రరీత్యా అది సబబే. అయితే ఆ వాదం ఇంటర్వ్యూ గదిలో అభ్యర్థిని కాపాడదు. అక్కడ నష్టపోయేది సిద్ధాంతకర్త కాదు, ఉద్యోగార్థి.

కాబట్టి లోపం దిద్దడంలో లేదు, కారణం చెప్పకుండా దిద్దడంలో ఉంది. ఏ దోషం తెలుగు నుంచి వచ్చిందో, ఏది బోధన నుంచి వచ్చిందో వేరుచేయాలంటే దిద్దేవారికి తెలుగు వ్యాకరణం కూడా తెలియాలి. ఆంగ్ల బోధనలో తెలుగు అధ్యాపకునికి స్థానం ఉండవలసింది ఇక్కడే. ఆ స్థానం ఖాళీగా ఉన్నంతకాలం విద్యార్థికి మిగిలేది వ్యాకరణ జ్ఞానం కాదు, మాతృభాష పట్ల న్యూనతాభావం.