తెర దానంతటదే లేవదు

మొన్న చలికాలంలో మా ఆడపడుచు ఢిల్లీ నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడే పేపర్లో ప్రకటన చూసి, "వదినా, చౌమహల్లా ప్యాలెస్‌లో హిందుస్తానీ కచేరీట. మీ పుట్టింటి పక్కనే గదా, తీసుకెళ్ళవూ?" అంది. పక్కనే అంటే మరీ పక్కన కాదు. మా అమ్మావాళ్ళుండేది గౌలిపురాలో. అయినా పాతబస్తీలో ఏది ఎక్కడని అడిగినా పక్కనే అంటారు, మనమూ అలాగే అనుకుని నడవాలి. మదీనా దగ్గర ఇరుక్కుపోతామని మావారు భయపెట్టడంతో నాలుగింటికే బయల్దేరాం. ఆ రోజే ఎందుకో రోడ్డంతా ఖాళీ! ఆరున్నర కచేరీకి ఐదు కొట్టకుండానే చేరుకున్నాం.

పెళ్ళివారింటికి మరీ ముందుగా వెళితే పెళ్ళికూతురు తలకి నూనె పెట్టుకుని కనిపిస్తుంది చూశారూ, అలా మాకు వేదిక సగం కట్టి ఉండగా కనిపించింది.

1750 ప్రాంతంలో మొదలై పంతొమ్మిదో శతాబ్దంలో పూర్తయిన ఆ భవనాలను బాగుచేసి 2005లో ప్రజల కోసం తెరిచారు. ఖిల్వత్ దర్బారులో పంతొమ్మిది బెల్జియం షాండ్లియర్లు ఉన్నాయి. మా ఆడపడుచు వాటిని చూడ్డానికి లోపలికి పరిగెత్తింది. నేను కాళ్ళు నొప్పిగా ఉన్నాయని బయటే కూర్చున్నాను. చెప్పొద్దూ, నాకు దక్కిన దృశ్యమే బాగుంది.

అరవై దాటిన ముసలాయన ఒకరు, ఆయన వెంట నలుగురు కుర్రాళ్ళు. ఇనప పైపులు, క్లాంపులు, వాటి మీద చెక్కలు, చెక్కల మీద జంపఖానా, దాని మీద తెల్ల దుప్పటి. ముసలాయన స్టేజీ కిందికి బోర్లా పాక్కుంటూ వెళ్ళి ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాడు. పైకొచ్చి, గ్లాసు నిండా నీళ్ళు పోయించి స్టేజీ నడిమధ్య పెట్టి, ఒక కుర్రాణ్ణి అటూఇటూ గట్టిగా నడవమన్నాడు. నీళ్ళు తొణికాయి. మళ్ళీ కిందికి పాకాడు. ఇలా మూడుసార్లు.

"గోడకి కట్టేస్తే కదలదు కదా చాచా?" అన్నాను, తెలిసినదాన్లా.

"ఈడ గోడకి ఒక్క మేకు గొట్టనియ్యరమ్మా. పాత గోడలు. మన స్టేజి మన కాళ్ళ మీదనే నిలవాలె" అన్నాడు.

రాత్రి రెండింటికి వచ్చారట. పగలు డీసీఎం బండిని ఆ గల్లీల్లోకి రానివ్వరు. అంతకుముందు రాత్రి అవే పైపులు ఓ పెళ్ళిలో ఉన్నాయి. మర్నాడు ఒక జల్సాకి పోతాయి. బోనాలప్పుడు లాల్ దర్వాజాలో, వినాయక చవితికి గల్లీగల్లీలో, ముషాయిరాలకీ, మజ్లిస్‌లకీ అవే. ఏ దేవుడికైనా, ఏ పాటకైనా చాచా పైపులే. ఈ పని మొదలుపెట్టి నలభై ఏళ్ళట.

కచేరీ బాగా జరిగింది. విలంబితం మధ్యలో ఒకసారి స్పీకర్లలోంచి గుర్రుమని శబ్దం మొదలైంది. చాచా నడుము వంచుకుని, వేదిక వెనక నుంచి చీకట్లో పిల్లిలా వచ్చి ఏదో వైరు మార్చి వెళ్ళిపోయాడు. అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అర నిమిషంలోనే గాయకుడు వెనక్కి తిరిగి కోపంగా చూశాడు, ముందు వరుసలో పెద్దమనుషులు నాలుక చప్పరించారు, మా ఆడపడుచు "ఛ, వీళ్ళెప్పుడూ ఇంతే" అంది. వీళ్ళని మళ్ళీ ఎప్పుడు చూసిందో నాకు తెలీదు.

రెండు రోజుల తర్వాత ఒక పత్రికలో సమీక్ష వచ్చింది. పేరెందుకు లెండి. రాగం గురించి, గాయకుడి ఘరానా గురించి, తబలా ఆయన ఒదుగు గురించి, చలిగాలి గురించి, చివరికి ప్రాంగణంలో పావురాల గురించి కూడా అందంగా రాశారు. ఆఖరి వాక్యం మాత్రం ఇది: ధ్వని ఏర్పాట్ల విషయంలో నిర్వాహకులు మరింత శ్రద్ధ తీసుకోవాల్సింది.

నా పేచీ ఈ వాక్యంతోనే. అది అబద్ధం కాదు, గుర్రుమన్న మాట నిజమే. కానీ ఆ సమీక్షకుడే పైన రెండో పేరాలో మంద్రస్థాయిలోని గాంభీర్యం చివరి వరుస దాకా తాకిందని మురిసిపోయారు. రాతిగోడల మధ్య, ఆరుబయట, అన్ని వందలమంది ముందు, మంద్రంలో ఊపిరితో కలిపి అన్న షడ్జమం చివరి వరుసకి ఎలా వచ్చిందీ? అది గాయకుడి గొంతులో పుట్టింది, ఒప్పుకుంటాను. కానీ నాదాకా తెచ్చింది చాచా వేలు. స్పీకరులోంచి వచ్చిన గొంతును మైకు మళ్ళీ వినిందంటే చాలు, అది మళ్ళీ స్పీకర్లోకి, మళ్ళీ మైకులోకి గిర్రున తిరిగి కూతపెడుతుంది. అంచేత మైకుని పెంచాలి, కూత పుట్టేంత పెంచకూడదు. తంబూరా వినిపించాలి, వింటున్నట్టు తెలియకూడదు. తబలా మీద దెబ్బ పడగానే గొంతు మునిగిపోకూడదు. రాగం మారినకొద్దీ, చలి పెరిగి గొంతు బిగిసినకొద్దీ, ఈ లెక్కలన్నీ మారుతుంటాయి. ఇది వినికిడి తెలిసినవాడి పని. ఇంకా చెప్పాలంటే, ఆ సాయంత్రం మనం విన్నది గాయకుడి పాట కాదు, చాచా మనకి వినిపించిన గాయకుడి పాట. ఆ మాట రాయని సమీక్ష సగం సమీక్షే.

మరి మంచి జరిగితే గాయకుడి పేరు, చెడు జరిగితే 'ధ్వని ఏర్పాట్లు'! అక్కడ కూడా మనిషి లేడు, ఏర్పాట్లే.

ఇంత ధాటీగా రాస్తున్నానా, ఆ రాత్రి ఇంటికొచ్చి నా నవల ఒకటి తీసి చూసుకున్నాను. అందులో నాటకం చూసే ఘట్టం ఒకటి ఉంది. చాలామంది పాఠకురాళ్ళు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు కూడా. ఏం రాశానో తెలుసా? 'తెర లేచింది. దీపాలు వెలిగాయి. సంగీతం మొదలైంది.' తెర దానంతటదే లేచిందట! దీపాలు వాటంతటవే వెలిగాయట! మన తెలుగులో లేవడానికీ లేపడానికీ, వెలగడానికీ వెలిగించడానికీ చక్కగా వేరువేరు మాటలున్నాయి. నేను ఏరుకుని మరీ మనిషి అక్కర్లేని మాటలు వాడాను. 'వంటయిందా?' అని మన ఇళ్ళల్లో అడిగినట్టే. అన్నం ఉడుకుతుంది, పాలు కాగుతాయి, బట్టలు ఆరతాయి. ఉప్పు ఎక్కువైతే మాత్రం 'నువ్వు వేశావు' అని కర్త బయటికొస్తుంది. ఇది మీకు నేను విడమరిచి చెప్పాలా?

'శంకరాభరణం' 1980లో వచ్చింది. మేం పిల్లలుగా ఉన్నప్పుడు టీవీలో వేసినప్పుడల్లా ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్ళం. ఆ చివరి కచేరీ గుర్తుందిగా? శంకరశాస్త్రి, పాట అందుకున్న పిల్లవాడు, తులసి, అందరూ కళ్ళకి కట్టినట్టున్నారు. ఆ మైకులు పెట్టినవాడు మాత్రం నాకు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఉంటే మీరే చెప్పండి.

ఇది మన సంప్రదాయమేనేమో అనుకుంటారేమో, కాదు. బి.ఏ.లో చదివి మరిచిపోయిన నాట్యశాస్త్రం మళ్ళీ తెరిచాను. భరతుడు నాటక బృందంలో ఎవరెవరుండాలో చెబుతూ సూత్రధారుడితో ఆగిపోలేదు. కిరీటాలు చేసేవాడు, ఆభరణాలు చేసేవాడు, దండలు కట్టేవాడు, వేషం వేసేవాడు, బొమ్మలు వేసేవాడు, బట్టలకి రంగులద్దేవాడు, అందరినీ పేరుపేరునా లెక్కపెట్టాడు. అంతకంటే నాకు నచ్చింది ఇంకొకటి. రంగస్థలాన్ని కాపాడ్డానికి దేవతల్ని ఒక్కోచోట నియమిస్తూ, వేదిక కింద భాగానికి పాతాళంలో ఉండే యక్షుల్నీ గుహ్యకుల్నీ పన్నగుల్నీ కాపలా పెట్టారట. అది చదవగానే నాకు అట్టముక్క పట్టుకుని పాకుతున్న చాచా కనిపించాడు.

సురభి వాళ్ళ మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగంలో ఆగినట్టే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ'తో మొదలైన కుటుంబ నాటక సమాజం వాళ్ళది. వనారస గోవిందరావుగారు మొదలుపెట్టారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన కమలాబాయి ఆ ఇంటి పిల్లే. లలితకళా తోరణంలో వాళ్ళ 'మాయాబజార్' మా పిల్లలకి చూపించాను. సురభిలో ఈ పేచీ లేదు. ఇప్పుడు కిరీటం పెట్టుకున్నాయన వచ్చే రంగంలో వెనక తాడు లాగుతుంటాడు. ఇంటావిడ పాత్రకి పాత్ర, కుట్టుకి కుట్టు. పిల్లలు ఉయ్యాల్లోంచి దిగగానే రంగం మీదికొస్తారు. తాడు లాగేవాడు వేరే జాతి కాదు అక్కడ. ఆ సమాజాన్ని నడిపిన ఆర్. నాగేశ్వరరావుగారికి, అదే మన బాబ్జీగారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో పోయారు.

అయితే సురభి మీద వచ్చే సమీక్షల్లో తప్పు అటు తిరిగి ఉంటుంది. గాల్లో ఎగిరారు, మంటలొచ్చాయి, వాన కురిసింది అని రాస్తారే గాని, ఘటోత్కచుడు వేసినాయన పద్యం ఎలా ఎత్తాడో, శశిరేఖ వేసినమ్మాయి ఎక్కడ మాట మింగేసిందో ఒక్కరూ రాయరు. నేను చూసిన రోజు పాటలు కొన్ని సాగదీశారు, ఒకచోట తీగ కూడా కనిపించింది. మా అబ్బాయి "అమ్మా, వైర్!" అని అరిచాడు. కనిపించినా వాడి ఆనందం తగ్గలేదు, ఎవరు లాగుతున్నారా అని ఇంకో వైపు వంగి చూశాడు. పెద్దవాళ్ళం మనకే తీగ కనిపించకూడదు.

ఈ మాటే చాచాతో అన్నాను ఆ రాత్రి. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల పుణ్యమా అని రాత్రి పది దాటితే ఆరుబయట మైకులు కట్టేయాలి. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రం పన్నెండు దాకా సడలిస్తారు. మా అమ్మమ్మ తెల్లవార్లూ విన్న హరికథల గురించి చెబుతుండేది, ఆ రోజులు పోయాయి. పదికి మనం చప్పట్లు కొట్టి లేస్తాం. వాళ్ళ రెండో డ్యూటీ అప్పుడు మొదలవుతుంది. మావారు కారు తేవడానికి వెళ్ళి అరగంటయినా రాలేదు. ఈలోగా కుర్రాళ్ళు దుప్పటి మడిచారు, వైర్లు మోచేతికి చుట్టారు, పైపులు విప్పారు. అందులో ఒక కుర్రాడికి బొటనవేలు గోరు నల్లగా కమిలిపోయి ఉంది. క్లాంపులో పడిందట, వారం కిందట. చేతికి గ్లవ్స్ లేవు.

"కరోనా ఏడు ఎట్లా గడిచింది చాచా?" అన్నాను.

"2020ల మార్చి నుంచి ఒక్క పోగ్రాం లేదమ్మా. రెండు యాంప్లిఫయర్లు అమ్మినం. నేను బండి మీద ఉల్లిగడ్డ అమ్మిన. పాటలోల్లు ఫోన్ల పాడిండ్రు. ఫోన్‌కు స్టేజి ఎందుకు?"

"మీ గురించి ఒక్కరూ రాయరు, కోపం రాదా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "మేం కనవడ్డమంటే పని చెడినట్టేనమ్మా. గియ్యాల చెడింది, కనవడ్డ."

ఈ జవాబు విని నేను తగ్గాను అనుకోకండి. పని జరిగేటప్పుడు కనబడకపోవడం ఆయన విద్య, ఒప్పుకుంటాను. ఆహ్వానపత్రిక మీద కూడా కనబడకపోవడం మన నిర్వాకం. ఆ కార్డు మా ఇంట్లో ఇంకా ఉంది. సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, పూలమాలలు సమర్పించినవారు, మంచినీళ్ళ సీసాలిచ్చిన కంపెనీ, అందరి పేర్లూ ఉన్నాయి. చాచా పేరుకి చోటు లేకపోలేదు, అడుగున రెండంగుళాల ఖాళీ ఉంది, అక్కడ తామరపువ్వు బొమ్మ వేశారు.

నా నవల రెండో ముద్రణకి వెళుతోంది. ఆ ఘట్టంలో ఒక్క వాక్యం చేర్చాను: 'పక్కన చీకట్లో ఒక ముసలాయన తాడు లాగాడు.' ప్రూఫులు చూసే ఆయన ఫోను చేశారు.

"అమ్మా, ఈ ముసలాయన మళ్ళీ ఎక్కడా రాడు. పొరపాటున పడిందా?"

"రాడండీ. ఉండనివ్వండి" అన్నాను.

"సరే, అయితే తర్వాతి వాక్యం 'తెర లేచింది' అని ఉంచాలా, 'లేపాడు' అని మార్చాలా?" అని అడిగారు. రేపు చెబుతానన్నాను.