నెట్ ఎంతవరకు వచ్చి ఆగింది?

ఆడి మాసం ఆదివారాల్లో పెరియపాళయంలో ఫోన్లు మొండికేస్తాయి. భవానీ అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి మద్రాసు వైపు నుంచీ, ఊత్తుకోట దాటి ఆంధ్రా వైపు నుంచీ జనం తెల్లారకముందే దిగిపోతారు. వేపాకు కట్టుకుని గుడి చుట్టూ తిరిగేవాళ్ళు, పొంగళ్ళు పెట్టేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు... అందరి చేతుల్లోనూ ఫోనుంటుంది. మామూలు రోజుల జనానికి సరిపోయే టవర్ల మీద ఒక్కసారిగా అంత భారం పడితే సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి కానీ డబ్బు మాత్రం కదలదు. పూజ సామాన్ల కొట్టు ముందు స్కాన్ చేసిన మనిషి ఫోన్ వంక చూస్తూ నిలబడతాడు. డబ్బు అందిందని చెప్పాల్సిన డబ్బా నోరు మెదపదు. దాని లోపల ఉన్నదీ సిమ్ కార్డే, అది ఆధారపడిందీ ఆ టవర్ మీదే.

అదే కొట్టులో, అదే నిమిషంలో, ఫైబర్ లైనుకు కలిపిన కంప్యూటర్ నిక్షేపంగా పనిచేస్తూ ఉండవచ్చు. అయినా యజమాని నోట వచ్చే మాట ఒకటే: "నెట్ పోయింది."

ఆ రెండు మాటల కింద ఎన్నో వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. టవర్ రద్దీ ఒకటి. స్తంభం దగ్గర వంగిన ఫైబర్ ఇంకొకటి. తలుపు సందులో నలిగిన కేబుల్, చిరునామాలు కలగాపులగమైన రౌటర్లు, తేదీ తప్పిన కంప్యూటర్, ఎక్కడో ఖండాంతరంలో మూగబోయిన సర్వర్, అన్నిటికీ కొట్టులో వాడే పేరు అదొక్కటే. చిన్న వ్యాపారుల నెట్‌వర్కులు బాగుచేసే మనిషి మంచి పనివాడో కాదో తెలిసేది ఇక్కడే. నెట్ ఉందా లేదా అని అతను అడగడు. ఎంతవరకు వచ్చి ఆగింది అని అడుగుతాడు.

పనంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి వెలుతురు రూపంలో వచ్చే సంకేతం స్తంభాల మీదుగా కొట్టులోని ఫైబర్ మోడెందాకా వస్తుంది. అక్కడ విద్యుత్ సంకేతంగా మారి రౌటర్‌కు, స్విచ్‌కు, గోడ వెంట పాకిన కేబుల్‌కు, చివరికి కంప్యూటర్‌కు చేరుతుంది. తెలిసినవాడు ఈ దారిని మధ్యలో పట్టుకుంటాడు. కంప్యూటర్ నుంచి రౌటర్‌కు పింగ్ కొడతాడు. జవాబు వచ్చిందా, తప్పు రౌటర్‌కు అవతల ఉంది. రాలేదా, కొట్టు లోపలే ఉంది. ఒక్క పరీక్షతో సగం దారి మీద అనుమానం తీరిపోతుంది. తర్వాత మిగిలిన సగంలో సగం.

ఈ పింగ్ పుట్టిందే ఇలాంటి అవసరంలోంచి. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు బాలిస్టిక్ పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ప్రోగ్రామర్, తమ నెట్‌వర్క్ ఎందుకో తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంటే దాని అంతు తేల్చడానికి ఈ చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఒక చిన్న పొట్లాన్ని అవతలికి పంపడం, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టడం, అంతే. ఆయన 2000 సంవత్సరంలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. నేటికీ ప్రపంచంలో ఏ మూల నెట్ ఆగినా, దాదాపుగా మొదట ఆడేది ఆ మనిషి రాసిపెట్టిన పరికరమే.

కొట్లలో మాత్రం మొదట జరిగేది వేరు. రౌటర్‌ను ఆపి మళ్ళీ వేస్తారు. చాలాసార్లు నెట్ వస్తుంది కూడా. రావడమే అసలు చిక్కు. ఆపగానే లోపలున్న ఆనవాళ్ళన్నీ చెరిగిపోతాయి: ఏ కంప్యూటర్‌కు ఏ చిరునామా ఉంది, లైను ఎన్ని గంటలకు తెగింది, ఏ లైటు ఏ రంగులో వెలిగింది. జబ్బు అలాగే ఉండి లక్షణం మాత్రం తగ్గుతుంది. రెండు రోజులకు మళ్ళీ అదే గోల. ఆపి వేయడం తప్పని కాదు. కానీ ఆపేముందు లైట్లను ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోవాలి, రావట్లేదన్న కంప్యూటర్లో చిరునామా చూసి రాసుకోవాలి. ఆ రెండూ చేయకుండా ఆపడమంటే సాక్ష్యాన్ని చేజేతులా పారేయడమే.

ఆ ప్రాంతంలోని ఒక ఎరువుల కొట్టులో జరిగింది చెబితే ఈ మాట ఇంకా తేటపడుతుంది. ముందు గదిలో బిల్లింగ్ కంప్యూటర్, లోపల లెక్కలు రాసే కంప్యూటర్, ఒక ప్రింటర్, వెనక గోడౌన్. కొన్ని రోజులుగా నెట్ ఒకసారి వస్తోంది, ఒకసారి రావట్లేదు.

"పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఆపి వేసినానో తమ్ముడూ. కంపెనీవాళ్ళ లైనే బాగలేదు."

"లైను సంగతి తర్వాత చూద్దాం అన్నా. ఇప్పుడు దేన్నీ ఆపొద్దు. ఏ కంప్యూటర్లో వస్తా ఉంది, ఏ దాంట్లో రాలేదు?"

"ముందుది వస్తా ఉంది. లోపలిదే రాలేదు."

ఒక్క కంప్యూటర్లో నెట్ వస్తోందంటే కంపెనీ లైను బాగున్నట్టే. బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు ముందు గదిలో నల్ల తెర తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టాడు. కంప్యూటర్ చిరునామా 192.168.1.23, బయటికి దారి 192.168.1.1. లోపలి గదిలో అదే ఆజ్ఞ కొట్టాడు. చిరునామా 192.168.0.102, దారి 192.168.0.1. రెండు కాగితాల మీద రాసి పక్కపక్కన పెట్టాడు. ఒకే స్విచ్‌కు తగిలించిన కంప్యూటర్లకు రెండు వేర్వేరు వరసల చిరునామాలు.

"గోడౌన్లో ఏమన్నా కొత్తగా పెట్టినారా అన్నా?"

"వైఫై అందట్లేదని మావాడు ఇంట్లో పాత రౌటర్ తెచ్చి తగిలించినాడు. అది బాగానే ఉంది గదా!"

ఆ పాత రౌటరే దొంగ. కంప్యూటర్ లేవగానే "నాకో చిరునామా ఇవ్వండి" అని నెట్‌వర్కంతటినీ అడుగుతుంది. చిరునామాలు పంచేది ఒక్కటే ఉండాలి. ఇక్కడ రెండయ్యాయి. ఏది ముందు పలికితే కంప్యూటర్ దాని మాటే వింటుంది. అసలు రౌటర్ ముందు పలికితే నెట్ వస్తుంది. గోడౌన్ రౌటర్ ముందు పలికితే "బయటికి దారి నేనే" అంటుంది, దాని వెనక ఇంటర్నెట్ లేదు. ఆపి వేసినప్పుడల్లా ఈ పందెం మళ్ళీ జరుగుతుంది కాబట్టి ఒకసారి వచ్చేది, ఒకసారి వచ్చేది కాదు. పాత రౌటర్లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేసి, దానికి అసలు వరసలోనే ఎవరూ వాడని చిరునామా ఒకటి కేటాయించాక గొడవ సద్దుమణిగింది. గోడౌన్లో వైఫై కూడా అందుతోంది. కొత్త వస్తువేదీ కొనే పని పడలేదు. కంపెనీకి ఫోన్ చేసి ఉంటే వాళ్ళ లైను బాగానే ఉందని చెప్పేవాళ్ళు, అది నిజమే అయ్యేది, కొట్టులో నెట్ మాత్రం వచ్చేది కాదు.

చిరునామా 169.254తో మొదలైతే కథ వేరు. అడిగితే ఎవరూ పలక్కపోవడంతో కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న చిరునామా అది. అప్పుడు కేబుల్ వంక చూడాలి. నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. సెకనుకు వంద మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. అందుకే ఒక తీగ తెగితే నెట్ పూర్తిగా పోకపోవచ్చు, వేగం పదోవంతుకు పడిపోయి ఊరుకుంటుంది. వేగం ఎక్కువున్న ప్లాన్‌కు మారినా స్పీడ్ పెరగలేదని వాపోయేవాళ్ళు ముందు చూడాల్సింది టేబుల్ కాలి కింద నలిగిన ఆ తీగని.

ఇంకో జబ్బు ఉంది, పాత కంప్యూటర్లున్న కొట్లలోనే. ఫోన్లో అన్నీ తెరుచుకుంటాయి, కంప్యూటర్లో జీఎస్టీ పోర్టల్ మాత్రం సురక్షితం కాదంటూ నిరాకరిస్తుంది. తెర మూల చూస్తే తేదీ ఏళ్ళ వెనక ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయింది, గడియారం వెనక్కి పోయింది. వెబ్‌సైట్ల ధ్రువపత్రాలకు గడువు తేదీలుంటాయి కనుక తప్పు తేదీ ఉన్న కంప్యూటర్ వాటిని నమ్మదు. బ్యాటరీ మార్చి తేదీ దిద్దితే సరి.

తప్పు మన ఊళ్ళో లేని సందర్భాలూ ఉంటాయి. 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారే ఆగాయి. ఆ మూడింటినీ నడిపే కంపెనీ తన నెట్‌వర్క్ మరమ్మతులో చేసిన పొరపాటు వల్ల, దాని సర్వర్లకు దారి చూపే సమాచారమే ఇంటర్నెట్ నుంచి మాయమైంది. ఆరు గంటల పాటు ఎక్కడి రౌటర్ ఆపి వేసినా ఒరిగేది లేదు. ఇంకో వెబ్‌సైట్ తెరిచి చూడటం అనే చిన్న పరీక్ష అందుకే అన్నిటికంటే ముందుండాలి. 8.8.8.8 లాంటి బయటి అంకెల చిరునామాకు పింగ్ వెళ్తూ పేరుతో ఏ సైటూ తెరుచుకోకపోతే, పేరును చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర ఆగిందని అర్థం. రౌటర్లో దాన్ని మార్చుకోవడం క్షణం పని.

ఇంత పట్టింపు ఎందుకంటే ఈ ప్రాంతపు వ్యాపారం సరిహద్దుకు అటూ ఇటూ నడుస్తుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రాకు అని గీత తేలింది కానీ చుట్టరికాలూ బేరాలూ ఆ గీత దగ్గర ఆగలేదు. పక్క ఊరికి పంపే సరుకైనా విలువ 50,000 రూపాయలు దాటితే 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు ఉండాల్సిందే, ఎందుకంటే పక్క ఊరు వేరే రాష్ట్రం. లోడెక్కిన లారీ వాకిట్లో ఉండి, నెట్ లేక బిల్లు రాకపోతే డ్రైవరూ హమాలీలూ అందరూ కూర్చోవాల్సిందే. ముందే నమోదు చేసుకున్న ఫోన్ నంబరు నుంచి ఎస్ఎంఎస్‌తోనూ ఈ-వే బిల్లు తీసే వీలుంది. ఆ నమోదు నెట్ బాగున్న రోజున చేసి పెట్టుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్ ఉందిలే అనుకునేవాళ్ళు ఆడి ఆదివారం టవర్లను గుర్తుంచుకుంటే మంచిది.

ఇక ఫైబర్. మోడెం మీద లాస్ అనే ఎర్ర లైటు వెలిగితే వెలుతురు చేరట్లేదని తేటతెల్లం. కష్టమంతా లైటు పచ్చగానే ఉండి నెట్ తెగుతూ అతుకుతూ ఉన్నప్పుడే. గాజు తీగ కాబట్టి గట్టిగా వంచితే వెలుతురు ఒంపు దగ్గర కారిపోతుంది. మిగిలిన తీగను చిన్న చుట్టలా చుట్టి రబ్బరు బ్యాండు బిగించి మోడెం వెనక దోపడం ఎన్నో కొట్లలో కనిపిస్తుంది. స్తంభాల మీద ఎలుకలు, ఉడతలు సరేసరి. వారణాసిలో 2015లో ఘాట్ల వెంట వేసిన ఫైబర్ తీగల్ని కోతులే కొరికేశాయి. తీగ చివరను ఎన్నడూ కంటికి ఎదురుగా పెట్టుకోకూడదు. అందులో వచ్చేది కనిపించని కాంతి, కనిపించకపోయినా కంటికి చేటు.

వెలుతురు బలం ఎంతో మోడెం సెట్టింగుల్లోనే అంకె కనిపిస్తుంది, డీబీఎం అనే కొలతలో. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే దిగుల్లేదు. మైనస్ 27 దాటితే తెగడం మొదలవుతుంది. ఒక బియ్యం మండీలో వానాకాలంలో రోజూ నెట్ తెగేది. కంపెనీకి ఎప్పుడు ఫోన్ చేసినా "ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి సార్" అనేవాళ్ళు. వాళ్ళు చూసే సమయానికి బాగానే ఉండేది మరి. చివరికి లెక్కలు రాసే అమ్మాయి బిల్లు పుస్తకం వెనక అట్ట మీద రాయడం మొదలుపెట్టింది: తేదీ, తెగిన సమయం, వచ్చిన సమయం, రౌటర్‌కు పింగ్ వెళ్తోందా, మోడెంలో అంకె ఎంత. గాలి వీచిన సాయంత్రాలన్నిట్లో అంకె మైనస్ 29కి పడింది, గాలి ఆగాక మైనస్ 22. రౌటర్‌కు పింగ్ మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

ఆ అట్టను ఫొటో తీసి పంపాక కంపెనీ అభ్యంతరం చెప్పలేదు. మర్నాడే లైన్‌మన్ నిచ్చెన తెచ్చాడు. వీధి మలుపులో స్తంభానికి కట్టిన తీగ, గాలికి ఊగినప్పుడల్లా ఇనప పట్టీ అంచు మీద మడత పడుతోంది. ఆ ముక్క కోసి, కొత్త తీగ అతికించి, పట్టీకి దూరంగా వదులుగా కట్టాడు. కిందికి దిగొచ్చి మోడెంలో అంకె చూపించాడు: మైనస్ 19. ఆ అమ్మాయి దాన్నీ తేదీ వేసి అట్ట మీద రాసుకుంది.