శివారుకు చేరిన కరెంటు

తొమ్మిది మీటర్ల తీగ, అరచేతిలో పట్టే ఒక కాయిల్, సబ్బుబిళ్లంత అల్యూమినియం పెట్టె, ఒక ఫ్యూజు. మా బావగారు తన చిన్న తెరచాప పడవకు కొత్తగా చేర్చిన సరంజామా ఇంతే. దీన్ని అమర్చడానికి ఆయనకు రెండు శనివారాలు పట్టింది. ఆ రెండు శనివారాలూ నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. చూసింది చూసినట్టు నలుగురికీ చెప్పాలనిపించి ఈ పరిచయం రాస్తున్నాను.

బావగారిది అమలాపురం. వాళ్ల నాన్నగారు సెల్ఫ్, డైనమో రిపేరు షాపు నడిపేవారు. బడి వదిలాక అక్కడ కూర్చుని రాగితీగ చుట్టడం నేర్చుకున్నారు బావగారు. తర్వాత చదువు, ఉద్యోగం ఆయన్ని అమెరికా తీసుకెళ్లాయి. ఇప్పుడుండేది మేరీల్యాండ్‌లోని అనాపొలిస్. ఊరి ముందే చెసాపీక్ బే. తెరచాప పడవలకు పేరున్న ఊరు కాబట్టి ఆయనా ఒక పాత పడవ కొనుక్కున్నారు. దాని పేరు క్యాటలీనా 22. ఫ్రాంక్ బట్లర్ 1969లో రూపొందించిన ఈ నమూనా పడవలు వేల సంఖ్యలో తయారయ్యాయి. పొడవు ఆరున్నర మీటర్లు. లోపల నలుగురు ఒదిగి పడుకోవచ్చు. వెనక పలకకు 6 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు ఒకటి వేలాడుతుంటుంది.

గాలితో నడిచే పడవకు మోటారెందుకంటే, రేవులోంచి బయటపడటానికి, తిరిగి రేవులోకి రావడానికి, గాలి పడిపోయినప్పుడు ఇల్లు చేరడానికి. చెసాపీక్‌లో జులై, ఆగస్టు నెలల్లో ఆకు కదలని మధ్యాహ్నాలు ఎక్కువ. మోటారుకు తాడు లాగితే చాలు, స్టార్టవుతుంది, బ్యాటరీతో పనిలేదు. కానీ పడవకు బ్యాటరీ కావాలి. ఎరుపు, ఆకుపచ్చ పక్కదీపాలు, వెనక తెల్లదీపం, తెరచాప కొయ్య చివర లంగరు దీపం, వీహెచ్ఎఫ్ రేడియో, లోతు చూపే మీటరు అన్నీ దాని మీదే బతకాలి. పైగా తెరచాప ఎత్తి ఉన్నా సరే, మోటారు తోస్తున్నంతసేపూ నియమాల ప్రకారం అది మోటారు పడవే. చీకటి పడితే ముందువైపు తెల్లదీపం కూడా వెలగాలి. అంటే మోటారు ఆడే వేళే దీపాల ఖర్చు పెరిగే వేళ. ఆ మోటారే బ్యాటరీని కాస్త నింపగలిగితే బాగుండునని బావగారు చాలాకాలంగా అనుకుంటున్నారు.

తెరచాప పడవల కోసమే తయారయ్యే తొహాట్సు సెయిల్ ప్రో లాంటి మోటార్లకు ఈ ఏర్పాటు ఫ్యాక్టరీలోనే చేసి ఇస్తారు: 12 వోల్టులు, 60 వాట్లు, 5 ఆంపియర్లు. బావగారి మోటారుకు అది లేదు. కాయిల్ బిగించుకోవడానికి చోటు మాత్రం ఉంది. కంపెనీవాళ్లు విడిగా అమ్మే కిట్ తెప్పించారు.

ఈ కాయిల్ చేసే పని మనకు కొత్తది కాదు. సైకిలు వెనక చక్రానికి సీసాలాంటి డైనమో రాసుకుంటూ తిరిగిన రోజులు గుర్తున్నవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. గట్టిగా తొక్కితే లైటు ప్రకాశంగా, ఎత్తు ఎక్కేటప్పుడు మినుకుమినుకుమంటూ వెలిగేది. అయస్కాంతం తీగచుట్ట పక్క నుంచి కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. మోపెడ్ మెకానిక్కులు 'మాగ్నెట్' అని పిలిచే భాగానిదీ ఇదే సూత్రం. ఔట్‌బోర్డ్ మోటారులో ఫ్లైవీల్ అంచు లోపలివైపు అయస్కాంతాలు అతికించి ఉంటాయి. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించేది ఈ చక్రమే. అది ఎలాగూ తిరుగుతోంది, అయస్కాంతాలూ ఉన్నాయి. కింద ఇంకో కాయిల్ పెడితే అదే తిరుగుడులోంచి దీపాలకూ కరెంటు పుడుతుంది. 6 హార్స్‌పవర్ అంటే దాదాపు 4,500 వాట్లు. అందులోంచి 60 వాట్లు తీసుకుంటే పడవ వేగంలో తేడా తెలియదు.

మొదటి శనివారమంతా ఆ చక్రం తీయడానికీ, మళ్లీ పెట్టడానికీ సరిపోయింది. మోటారును షెడ్డులో బల్లకు బిగించి, మూత తీసి, తాడు చుట్టుకునే స్టార్టరు విప్పి పక్కన పెట్టారు. మధ్య నట్టు ఊడింది కానీ చక్రం కదల్లేదు. క్రాంక్ షాఫ్టు చివర కోసుగా ఉంటుంది. దాని మీద చక్రం బిరడాలా బిగుసుకుపోతుంది. సుత్తితో అంచు మీద నాలుగు దెబ్బలేస్తే వస్తుంది కదా అన్నాను. బావగారు తల అడ్డంగా ఊపారు. "అంచు వెనకాల ఉన్నది అయస్కాంతాలయ్యా. దెబ్బ తగిలితే పగుల్తాయి, లేదా వాటి బలం తగ్గుతుంది. మనం కరెంటు కోసం వచ్చి కరెంటునే చంపుకుంటామా?"

పుల్లరు తెచ్చి, చక్రంలో ఉన్న మూడు రంధ్రాల్లో మూడు బోల్టులు సమంగా దించారు. మధ్య బోల్టు షాఫ్టు చివర ఆనేదాకా తిప్పి, ఇంకో పావు మలుపు బిగించి ఆగారు. ఆ బోల్టు తల మీద చిన్న సుత్తితో ఒకే ఒక్కసారి తట్టారు. టక్కుమని చక్రం వదిలింది. ఎన్నేళ్లుగానో బిగుసుకున్న లోహం ఒక్క చిన్న తట్టుకు లొంగడం చూస్తే ఎంత బలం వాడాలో తెలిసిన చెయ్యి అంటే ఏమిటో అర్థమైంది.

చక్రం కింద అర్ధచంద్రాకారపు చిన్న కీ ఒకటి ఉంది. దాన్ని ఊడదీసి, తెల్ల గుడ్డలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. నిప్పురవ్వ పడే సమయాన్ని సరిగ్గా నిలిపేది ఆ కీయే. పాత కాయిల్‌కు ఎదురుగా ఖాళీగా ఉన్న చోట కొత్త కాయిల్ కూర్చోబెట్టారు. పలచటి ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి చుట్టూ వార్నిష్ పూసిన రాగితీగ వరస తప్పకుండా చుట్టిన వస్తువది. బావగారు దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. "చుట్టినవాడెవడో మంచి పనివాడు. ఒక్క చుట్టు కూడా పక్కచుట్టు మీదికి ఎక్కలేదు" అన్నారు. షాపులో చిన్నప్పుడు నేర్చుకున్న కన్ను అది.

మరలు బిగించాక అసలు జాగ్రత్త మొదలైంది. కాయిల్ కొమ్ములకూ తిరిగే అయస్కాంతాలకూ మధ్య ఖాళీ సన్నటి అట్టముక్క మందం మాత్రమే ఉంటుంది. తక్కువైతే రాసుకుంటుంది, ఎక్కువైతే కరెంటు తగ్గుతుంది. షాఫ్టు కోసునూ, చక్రం లోపలి రంధ్రాన్నీ స్పిరిట్ గుడ్డతో జిడ్డు లేకుండా తుడిచారు. ఆ రెండు లోహాలూ పొడిగా ఉంటేనే పట్టు దొరుకుతుంది, నూనె పూస్తే పట్టు పోతుంది. కీ తిరిగి గాడిలో పెట్టి, చక్రం దించి, చేత్తో నెమ్మదిగా మూడు చుట్లు తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నారు. ఎక్కడా గీసుకున్న చప్పుడు లేదు. ఆ తర్వాతే నట్టు టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పిన లెక్కకు బిగించారు.

రెండో శనివారం సబ్బుబిళ్లంత పెట్టె వంతు. మన మోటారు సైకిలు మెకానిక్కులు దాన్ని ఆర్.ఆర్. యూనిట్ అంటారు. అయస్కాంతపు ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తర్వాత ఒకటి కాయిల్ ముందు నుంచి పోతుంటే కరెంటు ఒకసారి ఇటు, ఒకసారి అటు పారుతుంది. బ్యాటరీకి అది పనికిరాదు. పెట్టెలోని డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకు మళ్లిస్తాయి. ఆ దారిలో ఒకటిన్నర వోల్టుల దాకా డయోడ్లకే పోతుంది. 5 ఆంపియర్లు పారేటప్పుడు అది ఏడు వాట్ల వేడి. అందుకే పెట్టెను ప్లాస్టిక్ మీద కాకుండా మోటారు అల్యూమినియం ఒంటికి ఆనించి, మధ్యలో వేడిని మోసే తెల్లటి పేస్టు పూసి బిగించారు. పెట్టె వేడి మోటారు ఒంట్లోకి దిగిపోతుంది.

ఆ పెట్టె చేసే ఇంకో పని వోల్టేజీని 14.4 దాటనీయకపోవడం. కారు ఆల్టర్నేటరులో అయస్కాంతం కరెంటుతో పుడుతుంది కాబట్టి ఆ కరెంటు తగ్గించి ఉత్పత్తి తగ్గించొచ్చు. ఇక్కడున్నది శాశ్వత అయస్కాంతం, దాన్ని ఆపే వీల్లేదు. మోటారు తిరిగినంతసేపూ కాయిల్‌లో కరెంటు పుడుతూనే ఉంటుంది. అదుపు లేకపోతే నిండిన బ్యాటరీలో నీళ్లు వాయువులుగా విడిపోయి తగ్గిపోతాయి. మోటారు ఆడుతుండగా బ్యాటరీ తీగ ఊడబెరికితే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసి డయోడ్లు కాలిపోవచ్చు కూడా. అందుకని బ్యాటరీ స్విచ్చి పక్కన బావగారు తెలుగులోనే ఒక చీటీ అంటించారు: 'మోటారు ఆగాకే కట్టేయి.'

ఇక తీగ. నన్ను ఎక్కువ ఆకట్టుకున్న పని ఇదే. మోటారు వెనక కొసన ఉంటే, బ్యాటరీ గది మెట్ల కింద ఉంది. దూరం నాలుగున్నర మీటర్లు. పోను, రాను తొమ్మిది. పడవ అమ్మినాయన ఎప్పుడో ఏదో దీపం కోసం లాగిన ఒక స్క్వేర్ ఎం.ఎం. తీగ అక్కడే ఉంది. అది చాలదా అని అడిగితే బావగారు చాకుతో దాని తొడుగు రెండంగుళాల మేర చీల్చి చూపించారు. లోపల రాగి నల్లబడి, పోగుల మధ్య ఆకుపచ్చ పొడి పట్టింది. ఉప్పుగాలి చివరి నుంచి వత్తిలోకి నూనె ఎక్కినట్టు తొడుగు లోపలికి ఎక్కేసింది.

తర్వాత ఒక కాగితం మీద లెక్క వేశారు. 5 ఆంపియర్లు ఆ సన్నతీగలో తొమ్మిది మీటర్లు నడిస్తే ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది. పెట్టె దగ్గర 14.4 ఉన్నా బ్యాటరీకి అందేది 13.6. పెట్టె మాత్రం తన దగ్గరి వోల్టేజీ చూసుకుని నిండబోతోందనుకుని కరెంటు తగ్గించేస్తుంది. మోటారు ఆడే కాసేపట్లో బ్యాటరీ పూర్తిగా నిండదు. సగం ఆకలితో ఉన్న లెడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, అది ముందే చచ్చిపోతుంది. అదే 6 స్క్వేర్ ఎం.ఎం. తీగైతే పోయేది 0.13 వోల్టు మాత్రమే.

"లాకుల దగ్గర ఎంత వదిలారన్నది ఎవడిక్కావాలి? శివారు చేనుకు ఎంత చేరిందో అది చెప్పు" అన్నారు బావగారు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచీ గోదావరి డెల్టా రైతు వేస్తున్న లెక్క అది. కాలువ గట్టుకు గండిపడినా, గుర్రపుడెక్క పేరుకున్నా ముందు ఎండేది శివారు పొలమే. ఆ మాట విన్నాక, ఆయన తీగ దగ్గర అంతసేపు ఎందుకు గడిపారో తెలిసింది. పుట్టేదే ఐదు ఆంపియర్లు. చేపట్టిన ప్రతి చిన్న పనీ అందులో చుక్క కూడా దారిలో ఒలికిపోకుండా చూడటానికే.

తీగ ప్రతి పోగుకూ తగరం పూత ఉన్నది తెచ్చారు, ఉప్పుగాలి ఎక్కకుండా. చివరలకు థింబుళ్లు పెట్టి, క్రింపింగ్ పట్టకారుతో నొక్కి, ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా గుంజి చూశారు. సోల్డర్ పెట్టలేదు. అది పెడితే తీగ బిరుసెక్కి, మోటారు అదురుకు సరిగ్గా బిరుసు ఆగిన చోట తెగుతుందట. థింబులు మీద లోపల జిగురున్న గొట్టం తొడిగి వేడిచేస్తే, అది ముడుచుకుని రెండు చివరలా జిగురు సన్నటి ఉంగరంలా బయటికి ఉబికింది. ఆ ఉంగరం పూర్తిగా కనబడని ఒక కీలు కోసేసి మళ్లీ చేశారు. మోటారు పక్కలకు తిరుగుతుంది, పైకీ లేస్తుంది కాబట్టి అక్కడ తీగను వదులుగా వంపు తిప్పి వదిలారు. గదిలోకి దూరే రంధ్రానికి ముందు తీగను కిందికి జార్చి మళ్లీ పైకి తీసుకెళ్లారు. దాని వెంట వచ్చే నీటిచుక్క ఆ వంపు అడుగున రాలిపోతుంది, లోపలికి రాదు.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నది నాకు కొత్త పాఠం. కరెంటు పుట్టే మోటారు దగ్గర పెడతారనుకున్నాను. తీగ ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే, దాన్ని కాల్చేసేంత బలం ఉన్నది బ్యాటరీకే. అందుకే ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. పడవల విద్యుత్ పనులకు ప్రమాణాలు రాసే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ కార్యాలయం ఉన్నది అనాపొలిస్‌లోనే. మూలం నుంచి 7 అంగుళాల లోపు అన్నది వాళ్ల నియమం. బావగారు టేపు పెట్టి కొలిచి ఐదంగుళాల దగ్గర బిగించారు.

సాయంత్రం మోటారును పడవకు ఎక్కించి, తాడు లాగారు. నెమ్మదిగా ఆడేటప్పుడు మీటరులో ఒక ఆంపియరు కూడా లేదు. సైకిలు డైనమో గుణం ఎక్కడికి పోతుంది! రేవు దాటి సగం యాక్సిలరేటరుకు వచ్చాక 3.4 చూపించింది. బావగారు పెట్టె దగ్గర మీటరు ముళ్లు ఆనించి చూశారు: 13.3 వోల్టులు. నన్ను చుక్కాని పట్టుకోమని, మెట్లు దిగి బ్యాటరీ దగ్గర చూశారు. కిందినుంచి గొంతు వినబడింది. "పదమూడు పాయింట్ రెండు! శివారుకు చేరింది!"

దీని హద్దులు ఆయనకు బాగా తెలుసు. పూర్తిగా ఖాళీ అయిన 75 ఆంపియర్ అవర్ బ్యాటరీని ఈ కాయిల్ నింపాలంటే రోజంతా మోటారు ఆడినా చాలదు. అందుకు సోలార్ పలక ఉండాలి, లేదా రేవులో ఛార్జరు. ఇది చేసేది వాడుకున్నదాన్ని కొంతకు కొంత తిరిగి పోయడం.

ఆ రాత్రి ఒక వాగు మొగలో లంగరు వేశాం. కొయ్య చివర ఎల్ఈడీ దీపం వెలిగింది. దాని ఖర్చు గంటకు 0.2 ఆంపియర్ అవర్, తెల్లారేదాకా పది గంటలకు 2. మేం వచ్చేటప్పుడు గంటసేపు మోటారు మీద వచ్చాం. బ్యాటరీలో పోయే తరుగు తీసేసినా దాదాపు 3 జమ. బావగారు పుస్తకంలో ఒక గీత గీసి అటు 3, ఇటు 2 రాసి, దుప్పటి కప్పుకున్నారు. నేను బయట కూర్చుని చాలాసేపు ఆ దీపం చూశాను. నీళ్లలో దాని నీడ కదులుతోంది కానీ, పైన దీపం మాత్రం మినుకు మనలేదు.