ఆశ్వయుజంలో నిండే బడి

దసరా సెలవులొచ్చాయంటే కోనసీమ ఊళ్లలో బడులకు తాళాలు పడతాయి. అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా సాములో కర్రలూ కత్తులూ తిరుగుతుంటాయి, పిల్లలు డప్పుల వెంట పరిగెడుతుంటారు. ఆ రోజుల్లోనే చర్చి పక్కన రెండు గదుల లూథరన్ మిషన్ బడిలో మాత్రం గంట మోగుతుంది. విద్యాశాఖ ఏటా ఇచ్చే సెలవుల పట్టికలో ఈ బడుల లెక్క వేరు. దసరాకి తక్కువ రోజులు, క్రిస్మస్‌కి ఎక్కువ రోజులు. అందువల్ల ఆశ్వయుజం నుంచి మార్గశిరం దాకా పాఠం పెద్దగా తెగకుండా సాగేది ఇక్కడే.

సెలవుల పట్టికకు ముందే ఈ సంగతిని నిర్ణయించింది వరిచేను. గోదావరి డెల్టాలో సార్వా నాట్లు జులై, ఆగస్టుల్లో పడతాయి. ఆ వెనక కలుపులు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు. నడుమ, పైరు పొట్టకొచ్చి వెన్ను తీసే రోజుల్లో, కూలి దొరకదు. కూలివాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగించడానికి తడుముకునే నెల అది. పిల్లవాడు పలక పట్టుకుని బడికి వెళ్లగలిగేదీ ఆ నెలలోనే. నాట్లప్పుడు వాడు చంటిపిల్లని ఎత్తుకోవాలి, కోతలప్పుడు చేలో పరిగె ఏరాలి. ఒకప్పుడు పాలేరుగా కుదిరిన కుర్రాడికైతే పగటి బడే ఉండేది కాదు, లాంతరు వెలుగులో రాత్రిబడే దిక్కయ్యేది. మాల, మాదిగ పేటల మధ్య పుట్టిన లూథరన్ బడికి శరత్తు అసలైన చదువుల కాలం అయ్యింది అందుకే.

కోనసీమ నడిబొడ్డున ముందుగా పాతుకున్నది లూథరన్లు కాదు. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్‌లు నరసాపురం కేంద్రంగా పెంచిన గోదావరి డెల్టా మిషన్ ఈ లంకల్లో ముందు తిరిగింది. లూథరన్లు పైనుంచి, రాజమండ్రి వైపు నుంచి వచ్చారు. జర్మనీకి చెందిన వాలెట్ 1845 ప్రాంతంలో అక్కడ పని మొదలుపెట్టాడు. అంతకు మూడేళ్ల ముందే, 1842 జులై 31న, పెన్సిల్వేనియా నుంచి జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. ఈ రెండు పనులూ తర్వాత ఒకే అమెరికన్ లూథరన్ల చేతికొచ్చాయి. రాజమండ్రి మిషన్ చేజారిపోయేలా ఉందని తెలిసి, 1869 డిసెంబరులో, 76 ఏళ్ల వయసులో హయ్యర్ మళ్లీ సముద్రం దాటి వచ్చాడు. ఆయన్ని ఇక్కడివాళ్లు ఇప్పటికీ ఫాదర్ హయ్యర్ అనే పిలుస్తారు. ధవళేశ్వరం, సామర్లకోట, పెద్దాపురం, భీమవరం, తాళ్లపూడి, ఇలా డెల్టా చుట్టూ కేంద్రాలు లేచాయి. 1927లో ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది.

పేర్లూ తేదీలూ అలా ఉంచి, గదిలోకి వెళ్దాం.

చిన్న బడికి ఐదు తరగతులుంటాయి, టీచర్లు ఇద్దరో ఒక్కరో. ఒకప్పుడైతే ఆ ఒక్కరే వారమంతా మాస్టారు, ఆదివారం ఉపదేశి. చర్చి గదే బడి. ఐదు తరగతుల్ని ఒక్క గొంతుతో ఎలా నడుపుతారు? పెద్దవాళ్లకు చూచిరాత పెడతారు, నడిమివాళ్లు ఎక్కాలు అప్పజెప్పుకుంటారు, పసివాళ్లు ఇసుక దగ్గర కూర్చుంటారు. పెద్ద తరగతి పిల్ల ఒకతె వచ్చి పసివాడి చూపుడువేలు పట్టుకుంటుంది. ఇసుకలో 'అ' గీసి దాని మీదే దిద్దిస్తుంది. వేలు కదిలినంతసేపూ వాడు ఆ అక్షరాన్ని పైకి పలుకుతూనే ఉండాలి. వేలూ, కన్నూ, గొంతూ, చెవీ నాలుగూ ఒకే అక్షరం మీద పనిచేస్తాయి. తప్పు పోతే అరచేత్తో చెరిపేస్తే సరి, తప్పు జాడ మిగలదు. సుద్దముక్క కొనలేని ఇంటి పిల్లకి గోదావరి ఇసుక ఊరికే దొరుకుతుంది.

ఈ పద్ధతి మిషనరీలు ఓడలో తెచ్చింది కాదు. మన వీధిబడిది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ బడుల వివరాలు అడిగితే, అప్పటి రాజమండ్రి జిల్లా నుంచి 291 బడుల లెక్క వెళ్లింది. కోనసీమ ఆ జిల్లాలోదే. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఇంకా వివరంగా ఉంటుంది. ఇసుకలో దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పడం, అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాయడం, వెనకబడి వచ్చినకొద్దీ దెబ్బలు పెరగడం, అన్నీ అందులో ఉన్నాయి. పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఈ తీరు ఇంగ్లండ్ అనుకరించదగ్గదే అని ఆయన మెచ్చుకున్నాడు. అప్పటికే అనుకరించారు కూడా. మద్రాసు ఎగ్మూరులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, దాన్ని తన బడిలో పెట్టి, 1797లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అన్న పేరే నిలిచింది. కోనసీమ మిషన్ బడిలో ఇసుక దగ్గర కూర్చున్న పసివాడు విదేశీ చదువు చదువుతున్నాడనుకుంటే పొరపాటు. వాళ్ల తాతముత్తాతల్ని గుమ్మం తొక్కనివ్వని వీధిబడిలోని మేలైన పనిముట్టు ఈ దారిన వాడి చేతికొచ్చింది.

అదే నివేదికలో క్యాంప్‌బెల్ ఒక లోపం కూడా చూపించాడు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు, అర్థం మాత్రం తెలియదు అని. లూథరన్ బడి తనదంటూ ఏదైనా కలిపిందంటే అది సరిగ్గా ఇక్కడే. మార్టిన్ లూథర్ 1524లో జర్మనీ పట్టణాల పెద్దలకు బడులు పెట్టండని ఉత్తరం రాశాడు, ఆడపిల్లలకూ కావాలన్నాడు. 1529లో ఇళ్లకూ పిల్లలకూ పనికొచ్చేలా చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. దాని కట్టుబాటు తేలికైనది. ముందు మూలవాక్యం నోటికి రావాలి, వెంటనే దాని అర్థమేమిటో పిల్లవాణ్ణి అడగాలి. ప్రతి ఆజ్ఞ దగ్గరా, ప్రతి విన్నపం దగ్గరా అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ఈ చిన్న పుస్తకాన్ని లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్‌జ్ మద్రాసులో తెలుగు నేర్చుకుని అనువదించాడు. జర్మనీలోని హాలేలో 1746 ప్రాంతంలో అది అచ్చయింది. తెలుగులో తొలిసారి అచ్చు చూసిన పుస్తకాల్లో అదొకటి. అంటే మన అచ్చు అక్షరం తొలినాళ్లలోనే పిల్లలను ప్రశ్న అడగడానికి పనికొచ్చింది.

ప్రశ్న వేయడం ఒక అలవాటుగా మారితే అది మతపాఠం దగ్గర ఆగదు. ఎక్కం అప్పజెప్పాక "ఏరా, ఏడెనిమిదులు యాభైయారంటే ఏంట్రా?" అంటారు మాస్టారు. "ఆయ్, ఏడు గెలలకి గెలకెనిమిదేసి అత్తాలుంటే యాభైయారత్తాలండీ" అని జవాబొస్తే పాఠం వచ్చినట్టు. నిజమే, చాలా మిషన్ బడుల్లో ప్రశ్నా జవాబూ రెండూ బట్టీకే పోయాయి, బెత్తం కూడా బాగానే ఆడింది. మంచి మాస్టారి చేతిలో పడినప్పుడు మాత్రం ఆ ప్రశ్న పిల్లల నోరు తెరిపించింది. పెద్దల ముందు నోరెత్తకూడదని పెరిగిన పేట పిల్లని నిలబెట్టి నీ మాటల్లో చెప్పమ్మా అనడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

లెక్కల్లో ఈ బడికి పెద్ద ఆస్తి కొబ్బరి ఈనె. అమెరికాలోని లూథరన్ బడుల పిల్లలు శరత్తులో రాలిన ఎర్రటి ఆకులు ఏరి కాగితాల మీద అంటిస్తారు. కోనసీమ శరత్తులో ఆకు రాలదు, ఇక్కడ ఏడాది పొడవునా పచ్చదనమే. ఇక్కడి పిల్లలు కొబ్బరాకు చీరి బూరలూ, చిలకలూ, చేతి గడియారాలూ చేస్తారు, మిగిలిన ఈనెలు బడికి తెస్తారు. జానెడు ముక్కలుగా విరిచి, ఎండబెట్టి, పదేసి పుల్లల్ని అరటినారతో కట్ట కడతారు. పది కట్టలైతే ఒక మోపు. ఒకట్లు, పదులు, వందలు ఇలా చేతిలో బరువుగా తెలుస్తాయి. 42లోంచి 17 తీయాలి. రెండు పుల్లల్లోంచి ఏడు తీయడం కుదరదు. అయితే ఒక కట్ట విప్పాలి. నార ముడి విప్పగానే పన్నెండు పుల్లలు. ఏడు తీస్తే ఐదు. మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి తీస్తే రెండు. ఇరవై ఐదు. "అప్పు తెచ్చుకోవడం" అని పలక మీద గీత గీసి చెబితే మింగుడు పడని పిల్లకి ఒక ముడి విప్పితే తెలిసిపోతుంది.

పాట సంగతి చెప్పకుండా ఈ బడిని చెప్పడం కుదరదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల నెత్తిన రాగం పేరూ తాళం పేరూ ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు పరాయి బాణీలకు తెలుగు మాటలు అతికించకుండా మన రాగాల్లోనే కట్టారు. అక్టోబరు 31కి దగ్గరగా వచ్చే ఆదివారం సంస్కరణ పండుగ. 1517లో విటెన్‌బర్గులో లూథర్ తన వాదాలు బయటపెట్టిన రోజును తలచుకుంటారు. దానికి ముందు వారాల్లో పిల్లలు సాయంత్రాలు పాట సాధన చేస్తారు. తొడ మీద ఆది తాళం వేస్తూ చరణం చరణంగా ఎక్కించుకుంటారు. చదవడం ఇంకా రాని పిల్ల కూడా ఆరు చరణాలు తప్పు పోకుండా పాడుతుంది. ఆ తర్వాత పుస్తకం చేతిలో పెడితే తనకు తెలిసిన మాటల్నే అచ్చులో వేలు పెట్టి వెతుక్కుంటుంది. చదవడం నేర్పడానికి ఇంతకన్నా దయగల దారి లేదనిపిస్తుంది.

కోతలు దగ్గర పడ్డాక పంట కానుకల పండుగ. తేదీ ఊరిని బట్టి, చేను కోతను బట్టి మారుతుంది. కొత్త బియ్యం, కొబ్బరికాయలు, కంద, గుమ్మడికాయ, కర్పూర చక్కెరకేళి గెల, కాళ్లు కట్టిన కోడిపుంజు, ఏది ఉంటే అది బల్ల ముందు చేరుతుంది. వంట బియ్యంలోంచి రోజూ పిడికెడు తీసి దాచిన కుండ కూడా వస్తుంది. ఆరాధన అయ్యాక వేలంపాట. ఒక్క గుమ్మడికాయకి బజారు ధర కన్నా ఎన్నో రెట్లు పాడి కొని, మళ్లీ కానుకగా ఇచ్చేసేవాళ్లున్నారు. పిల్లలకు ఆ రోజు తూకం, ధర, కూడిక, చిట్టా రాయడం అన్నీ పండుగలో కలిసిపోయి వస్తాయి.

నవంబరులో ఇంకో పాఠం తప్పదు. అది ఆకాశం చెప్పే పాఠం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కొబ్బరితోటల్ని మొదళ్లకంటా కూల్చేసింది. అది చూసినవాళ్లు ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ. వాళ్ల పిల్లలు చదివిన గదిలోనే మనవలు తుఫాను హెచ్చరిక నంబర్లు నేర్చుకుంటారు. ఓడరేవులో ఒకటో నంబరు ఎగరేస్తే ఏమిటి, పదో నంబరైతే ఏమిటి, నీళ్లు ఎక్కడ పట్టి పెట్టుకోవాలి, రేకుల కప్పు కింద ఎందుకు ఉండకూడదు. ఇలాంటివి తెలిసిన పిల్ల ఇంట్లో పెద్దలకి చెబుతుంది. నవంబరు తుఫాన్లు రాకముందే బడిలో ఈ పాఠం అయిపోవాలి.

ఇలాంటి గదులకు మాస్టర్లను ఎలాంటివాళ్లు తయారుచేశారో చెప్పడానికి గుర్రం జాషువా ఒక్కడు చాలు. గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఆయన పదేళ్లు పనిచేశాడు. పల్లె బడులకు వెళ్లాల్సిన మాస్టర్లు ఆ మహాకవి ఎదుట కూర్చుని తెలుగు విన్నారు. రాజోలు తాలూకా మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న రాసిన 'పాలేరు' నాటకంలో జీతగాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. కోనసీమ పేటల్లో ఆ నాటకం ఆడినప్పుడు పాకలో లాంతరు కింద పలక పట్టిన కుర్రాళ్లు అందులో తమనే చూసుకున్నారు.

ఇప్పుడు ఈ చిన్న బడుల పరిస్థితి బాగాలేదు. ఊరికి ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి బస్సు వచ్చింది. 2021లో ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడుల టీచర్లను ప్రభుత్వంలోకి తీసుకునే ఏర్పాటు జరిగాక రాష్ట్రంలో అలాంటి చాలా బడులు తమ మాస్టర్లను వదులుకోవాల్సి వచ్చింది. టీచరు లేని బడిలో ఇసుక ఉన్నా వేలు పట్టేవాళ్లు లేరు. ఇది కోనసీమకు నష్టమే. ఈ పద్ధతులకు ఖర్చు లేదు, వీటికి కావలసినదల్లా ఊరు తెలిసిన, పిల్లల పేర్లు తెలిసిన ఒక మనిషి.

బడి మిగిలిన చోట మాత్రం నవంబరు ఆఖరుకి వెదురు బద్దలు దిగుతాయి. క్రిస్మస్‌కు ఎదురుచూసే అడ్వెంట్ రోజుల మొదటి ఆదివారానికి నక్షత్రం కట్టాలి. ఒకే పొడుగున్న ఐదు బద్దలు ఒకదాని మీదుగా ఒకటి పోనిచ్చి కొసలు బిగిస్తే ఒక చుక్క. అలాంటివి రెండు చేసి, కొస కొస కలిపి కట్టి, లోపలి ఐదు మూలల్లో జానెడు పుల్లలు దూర్చితే రెండు చుక్కల మధ్య పొట్ట లేస్తుంది. పుల్లలన్నీ ఒకే కొలత కాకపోతే నక్షత్రం వంకర పోతుంది. అది సరిచూడడం ఐదో తరగతి పని. మైదా జిగురుతో రంగు కాగితం అంటించడం మూడో తరగతిది. బల్బు పెట్టడానికి వెనక ఒక ముక్క తెరిచి ఉంచాలని ఎవరో ఒకరు ఏటా మర్చిపోతారు, మళ్లీ చింపి అంటిస్తారు. జిగురు ఆరేదాకా నక్షత్రం ఇసుక మూల పక్కనే గోడకి ఆనించి ఉంటుంది. బయట చేలో కొడవళ్లు దిగాయి, హాజరు పట్టీలో ఖాళీలు మొదలయ్యాయి.