కథకుడి జమాఖర్చు

కథ రాయడం నేర్చుకుంటానని వచ్చే కుర్రకారుకి నేను ముందు పురమాయించే పని ఒకటే: మీ పాత్ర నెల జమాఖర్చు రాసుకురండి. చేతికొచ్చేదెంత, అద్దె ఎంత, చీటీ ఎప్పుడు కట్టాలి, ఎవరికి బాకీ. శైలి గురించో శిల్పం గురించో చెబుతానని ఆశపడ్డవాళ్లు మొహాలు చిన్నబుచ్చుకుంటారు.

మన పెద్ద కథల్లో చాలావాటికి ఈ పద్దే వెన్నెముక. చాసో ‘వాయులీనం’లో భార్య వైద్యానికి భర్త ఆవిడ వాయులీనాన్నే అమ్మేస్తాడు. ఆ ఇంట్లో నాలుగు డబ్బులుంటే ఆ కథే లేదు. కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ అయితే ఒక బాకీ మీద నడిచే పంచాయితీ. అప్పల్రాముడి అప్పు ఎక్కడ మొదలైందో, ఊరు బాగుపడుతున్నకొద్దీ అతనెందుకు చితికిపోయాడో మాస్టారు పూసగుచ్చినట్టు చెప్పారు. అందుకే చివర జరిగే ఘోరాన్ని నమ్ముతాం. ఆ లెక్క తెలియకపోతే అది ఉత్త హత్య.

కొత్తగా రాసేవాళ్లు ‘సావిత్రమ్మది కటిక పేదరికం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చదివేవాడు అయ్యో అనడు. అదే సావిత్రమ్మ కిరాణాకొట్లో అరకిలో కందిపప్పు తూయించి, పొట్లం కడుతుండగా చిల్లర లెక్కచూసుకుని, ‘పావు చాల్లే నాయనా’ అందనుకోండి. పేదరికం అన్న మాట ఇక అక్కర్లేదు. ఆ సమయానికి వెనక వియ్యపురాలు నిలబడి ఉంటే? అప్పుడు సావిత్రమ్మ పావు అనదు, అరకిలోయే తీసుకుంటుంది. పైగా ‘బెల్లం కూడా వెయ్యి’ అంటుంది. ఆ బెల్లం బాకీ ఎలా తీరుస్తుందన్నది రెండో పేజీ.

అయితే రాసుకొచ్చిన పద్దంతా కథలోకి దించితే అది కిరాణా చిట్టా అవుతుంది. పద్దు రాసేవాడికి తెలియాలి, చదివేవాడికి దాని బరువు తగలాలి. అద్దె ఎంతో పాఠకుడికి చెప్పక్కర్లేదు. ఇంటివాడు మెట్లెక్కుతున్న చప్పుడుకి పాత్ర ఏం చేస్తుందో చూపిస్తే చాలు. డబ్బున్న ఇంటి కథకీ ఇదే సూత్రం. అక్కడ ఎంత ఉందన్నది కాదు, బీరువా తాళాలు ఎవరి బొడ్లో ఉన్నాయన్నది చూడాలి.

కుర్రవాళ్లు తెచ్చిన కాగితంలో నేను కూడికలు సరిచూడను. ఆ మనిషి స్థోమతకి, బుద్ధికి పొసగని ఖర్చు ఒక్కటైనా ఉందా అని వెతుకుతాను. ఇంటద్దె రెండు నెలలు బాకీ పడ్డ గుమాస్తా, కూతురికి వీణ మేష్టారిని ఎందుకు పెట్టాడు? పిసినారి అని పేరుపడ్డ పెద్దాయన ప్రతి నెలా ఎవరికి మనియార్డరు పంపేవాడు? అలాంటి పద్దు కనబడితే రాయడానికి కూర్చోమంటాను. లెక్క అణా పైసలతో సహా సరిపోతే మాత్రం ఆ పాత్ర ఇంకా వాళ్లకి తెలియలేదన్నమాట. కాగితం తిరిగిచ్చేస్తాను.