కుతుబ్‌షాహీ సమాధులు: సున్నమూ, మేస్త్రీ చేయీ

గోల్కొండ చెంతనున్న కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణను ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర వారసత్వ శాఖ 2013లో చేపట్టాయి. ఆ పని 2024 జూలైలో ముగిసింది.

గుమ్మటాలపై కొత్త సున్నం చూసి, ప్రాచీనత చెడిందని నొచ్చుకునేవారున్నారు. ఈ ఆక్షేపణ నిలవదు. తొలగించినదానిలో చాలా భాగం సుల్తానుల నాటి పూత కాదు, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో మెత్తిన సిమెంటు. సిమెంటు గోడలోని తేమను బయటికి పోనివ్వదు. లోపలి గచ్చూ, రాయీ చెడతాయి. డంగు సున్నం తేమను వదులుతుంది. కట్టడానికి బదులు తాను అరుగుతుంది. కనుక దాన్ని కాలానుగుణంగా తిరిగి పూయవలసిందే.

అసలు విమర్శకు తావు ఇక్కడే ఉన్నది. 2013 వానలకు కొంత కూలిన బడీ బౌలిని తిరిగి నిలిపినవి మేస్త్రీల చేతులే. గోల్కొండ మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో పురస్కారమూ లభించింది. ఇంజినీర్ల నివేదికలు గ్రంథాలయాల్లో నిలుస్తాయి. సున్నం పదును తెలిసిన విద్య మాత్రం చేతి నుంచి చేతికే అందుతుంది. పని ముగిసిందని ఆ చేతులను పంపివేస్తే, రేపు పగులు కనబడిన చోటికి మళ్లీ సిమెంటు బస్తాయే వస్తుంది. ఏటేటా వారికి కొంత పని కల్పించడమే నిజమైన పరిరక్షణ. పాత మస్జిదులకు మరమ్మతులు చేయించే ముతవల్లులు కూడా గమనించవలసిన సంగతి ఇది.