మడమ నొప్పి – పాదవైద్య శిక్షణ

నగరి, ఏకాంబరకుప్పము ప్రాంతములు మరమగ్గములకు పేరుపడినవి. మరమగ్గము నడుపువాడు కూర్చుండి పని చేయడు. గట్టి నేలమీద నిలువబడియు, ఒక మగ్గమునుండి మరియొక మగ్గమునకు తిరుగుచును పొద్దు పుచ్చును. అట్టి షెడ్డులో పని చేయు ఇద్దరిని ఊహింతము. ఒకనికి 48 ఏండ్లు, రెండవవానికి 24. ఇద్దరికిని మడమ నొప్పియే. ప్రొద్దున మంచము దిగునప్పుడు ఇద్దరికిని బాధ హెచ్చు. నిలువుకాళ్ల పని కదా అని ఇద్దరును సరిపెట్టుకొందురు. వైద్యుడును అట్లే అనుకొన్నచో మొదటివానికి పెద్ద హాని లేదు. రెండవవానికి తీరని నష్టము కలుగవచ్చును. ఈ ఇద్దరిని వేరు చేయగల చూపు పాదవైద్య విద్యార్థికి అలవడుచున్నదా అనునదే ఇచట విచారింపవలసిన విషయము.

పాదములో 26 ఎముకలు కలవు. మడమ ఎముక అడుగునుండి వ్రేళ్ల మొదళ్లవరకు ఒక గట్టి నారపట్టీ, వింటికి అల్లెత్రాడువలె, బిగిసియుండును. అడుగు తీయునపుడు వ్రేళ్లు పైకి వంగగానే ఈ పట్టీ బిగుసుకొని పాదపు వంపును ఎత్తును. త్రాడు చుట్టి బరువు నెత్తు యంత్రముతో పోల్చి హిక్స్ అను శాస్త్రజ్ఞుడు 1954లో దీనిని వివరించెను. దినమెల్ల నిలుచువారిలో ఈ పట్టీ మడమకు అంటుకొనిన చోట దెబ్బతినుట కలదు. పెద్దవాని నొప్పి ఇదియే. నిద్ర లేచిన పిదప మొదటి కొన్ని అడుగులు కష్టము, నడచినకొలది తగ్గును, పని ముగియు వేళకు మరల హెచ్చును. విశ్రాంతి, పిక్కను అరికాలిని సాగదీయు వ్యాయామము, మెత్తని చెప్పు – వీనితో చాలమందికి కొన్ని నెలలలో నయమగును.

చిన్నవానికి నొప్పి పుట్టిన తావు అదియే, కారణము వేరు. శరీరమును కాపాడవలసిన రక్షణవ్యవస్థయే దారి తప్పి, స్నాయువులు ఎముకకు అంటుకొను తావులలో వాపు పుట్టించుచున్నది. ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ అను వెన్నెముక వ్యాధి కొందరిలో ఇట్లు మడమలో తొలిసారి కనబడును. హెచ్.ఎల్.ఎ.–బి 27 అను వంశానుగత లక్షణముతో దీనికి గల సంబంధము 1973లో బయటపడినది. ఈ వ్యాధిలో ప్రొద్దుటి బిగువు అరగంటకు మించి యుండును. విశ్రాంతితో హెచ్చి, కదలికతో తగ్గును. రాత్రి రెండవ సగమున నడుము నొప్పి నిద్ర లేపును. ఒక్కొక్కప్పుడు కన్ను ఎఱ్ఱబడి నొప్పిపెట్టును. గుర్తింపక ఏండ్లు గడచినచో కొందరిలో వెన్నుపూసలు ఒకదానితో నొకటి అతుకుకొనును. అతుకుకొనిన పూసలను మరల విడదీయు మందు లేదు. ముందుగా గుర్తించినచో వాపును అణచు మందులు, నిత్యవ్యాయామము ఎంతయో మేలు చేయును.

పాదవైద్యము ప్రత్యేక వృత్తిగా పెరిగిన దేశములలో శిక్షణ ఈ భేదమును ఎట్లు నేర్పినది? 1977లో లాస్ ఏంజెలిస్‌లో రూట్, ఓరియన్, వీడ్ అను మువ్వురు ప్రచురించిన గ్రంథము ఆ శిక్షణకు చిరకాలము మూలకందముగా నున్నది. రోగిని బోర్ల పరుండబెట్టి, మడమపై గీత గీచి, కోణమాపకముతో కొలిచి, పాదము ఆదర్శస్థితినుండి ఎంత తొలగినదో చెప్పుట దాని పద్ధతి. ఈ గ్రంథము చేసిన మేలును మరువరాదు. అదివరకు ఆనికాయలు కోయుట, గోళ్లు తీయుట ప్రధానముగా నున్న వృత్తికి అది ఒక క్రమమును, ఒక పరిభాషను ఇచ్చినది. కాని దాని లోపములు రెండు. ఒకే పాదమును ఇద్దరు పరీక్షకులు కొలిచినచో కొలతలు కలియకపోవుట తరచు. పరుండిన పాదపు కొలత, నడచు పాదపు వర్తనను సరిగా తెలుపదని ఇంగ్లండులోని సాల్ఫర్డ్ పరిశోధకులు 2017లో చూపిరి. ఇంతకు మించిన హాని మరియొకటి కలదు. ఆకారములో తప్పు వెదకుటకు అలవడిన విద్యార్థి ఏ పాదములోనైనను ఏదో యొక తప్పు కనుగొనును. 24 ఏండ్ల వాని పాదము కొంచెము చదునుగా నున్నచో, నొప్పికి అదియే కారణమని నిశ్చయించి, చెప్పులో దిండు పెట్టి పంపివేయును.

చదునైన పాదమంతయు వ్యాధి కాదు. మన దేశములో 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ప్రకటించిన ఫలితములు ఇందుకు తగిన పాఠము. పాదరక్షలు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికి, తొడుగనివారిలో 2.8 మందికి చదును పాదము లుండెను. పాదపు రూపము అలవాటును బట్టియు మారునని దీనివలన తెలియుచున్నది. పాశ్చాత్యుల బూటులో పెరిగిన పాదమును ఆదర్శముగా నుంచుకొని ఇచటి పాదములను కొలుచుట ఎంతవరకు సమంజసము?

దోషము పాదవైద్యులయందే లేదు. కీళ్లవాత వైద్యులు దేహమంతయు చూతురు. కాని వారి లెక్కలో పాదము జారిపోయినది. రుమటాయిడ్ కీళ్లవాతపు తీవ్రతను కొలుచుటకు 1995లో నెదర్లాండ్స్ పరిశోధకులు రూపొందించిన పద్ధతి 28 కీళ్లను లెక్కించును. భుజములు, మోచేతులు, మణికట్లు, మోకాళ్లు కలిసి 8. చేతివ్రేళ్ల కీళ్లు 20. చీలమండ లేదు, కాలివ్రేళ్ల కీళ్లు లేవు. అన్ని కీళ్లను తడవి చూచుటకు కాలము చాలదనియు, పాదపు వాపు చేతికి స్పష్టముగా తెలియదనియు వారు చెప్పు సమాధానములో సత్యము కలదు. ఐనను ఈ వ్యాధి తరచుగా కాలివ్రేళ్ల మొదళ్లలోనే తొలుత పొడచూపును. చేతులు బాగుపడి పాదములు వాచియున్న రోగి, కాగితముమీద మాత్రము వ్యాధి ఉపశమించినవాడుగా లెక్కకు వచ్చును. ఒక శాస్త్రము పాదమును చూచి దేహమును మరచినది. మరియొకటి దేహమును చూచి పాదమును మరచినది.

మన దేశమున పాదవైద్యము ఇంకను తొలి దశలోనే యున్నది. ఆరోగ్య అనుబంధ వృత్తులకై 2021లో పార్లమెంటు చేసిన చట్టపు పట్టికలో పాదవైద్యుని పేరు చేరినది. ఇప్పటివరకు ఇచట పాదమును గూర్చిన శ్రద్ధ యెక్కువగా మధుమేహపు పుండ్లమీదనే నిలిచినది. కాలు పోవు ప్రమాదమున్న చోట అది న్యాయమే. కాని రాయలసీమ అనుభవము ఇంకను విశాలమైనది. 2006లో చికున్‌గున్యా వ్యాపించినపుడు జ్వరము దిగిన పిదపను చీలమండలు, పాదముల కీళ్లు నెలల తరబడి బాధించుట ఇచటివారు ఎరుగుదురు. నగరికి పొరుగుననే పుత్తూరు కట్టు కలదు. ఆకుపసరు, గ్రుడ్డుసొన, వెదురుబద్దలతో కట్టు ఆ కట్టునకు దూరప్రాంతములనుండి జనులు వత్తురు. కట్టు చేయు పని కదలికను ఆపుట. విరిగిన ఎముకకు అది కావలెను. వాపువలన బిగిసిన వెన్నునకు కదలికయే కావలెను. నొప్పి ఒకటే యైనను చికిత్స ఎదురెదురు దిక్కులకు పోవుననుటకు ఇంతకన్న తేటయైన నిదర్శనము అక్కరలేదు.

శిక్షణకు మంచి మాదిరి కూడ దూరమున లేదు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, కుష్ఠరోగుల పాదములు పుండ్లు పడుటకు కారణమును వెదకెను. స్పర్శ పోయిన పాదముపై నడకలో ఒకే చోట పదే పదే పడు ఒత్తిడియే చాలవరకు కారణమని తేల్చి, మెత్తని రబ్బరు అడుగుగల చెప్పులు చేయించెను. నరముల వ్యాధిని, నడక ఒత్తిడిని ఆయన విడదీసి చూడలేదు.

కొత్తగా ఏర్పడు పాఠ్యక్రమములు ఈ దారిని పట్టవలెను. కీళ్లవాతములు ఒక సంవత్సరము, నడక యంత్రశాస్త్రము మరియొక సంవత్సరము బోధించి, రెంటిని కలుపు పని విద్యార్థికే విడిచిపెట్టరాదు. పరీక్షలో ఎముకల పటమునకు బదులు మడమ నొప్పిగల మనిషిని ఎదుట నిలువబెట్టవలెను. నీ పని యేమి, బిగువు ఎంతసేపుండును, విశ్రాంతితో తగ్గునా హెచ్చునా, నడుము గాని కన్ను గాని బాధించినదా అని అడుగని విద్యార్థికి, కొలతలెంత సరిగా తీసినను, మార్కులు వేయరాదు.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులును ఇందులో పాలుపంచుకొనవచ్చును. తడి పాదముతో గచ్చుమీద అడుగులు వేయించి, ముద్రలను పోల్చి చూపుట ఖర్చులేని ప్రయోగము. ఆ పాఠము చివర ఒక్క మాట చేర్చినచో చాలును: ఇంటిలో వయసు పిల్లవాడెవరైనను మూడు నెలలుగా మడమతోపాటు నడుము కూడ బిగిసిపోవుచున్నదని చెప్పినచో, దానిని పనిమీదికి నెట్టక, కీళ్లవాత వైద్యునికి చూపవలెను.